సావున్ కాళ్లకంటిన మట్టి

కొలాప్ రోజూ వెలుగు రాకముందే దోనె వేసుకుని చెరువులోకి పోయి తూటికూర కోసుకొచ్చేది. కట్టలు కట్టి, బజారుకు పోయే బండికెత్తి, పొయ్యి మీద గంజి పెట్టి, ఆ తర్వాత అత్తగారు సావున్ కాళ్లు చూసేది. కాళ్లకు మొక్కే కోడలనుకునేరు, అంత సీను లేదు. మబ్బు చూసి వాన చెప్పినట్టు, సావున్ కాళ్లు చూసి ఆ పేటలో ఇళ్ల సంగతి చెప్పేవాళ్లు, అంతే.

సావున్ ఏ ఇంట్లో నేల మీద కునుకు తీసినా, లేచేసరికి ఆ ఇంట్లో మసిలినవాళ్ల కాళ్లు ఆవిడ కాళ్లకు వచ్చేవి. బట్టల ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు నిలబడే పిల్లలున్న గదిలో పడుకుంటే మడమలు వాచేవి. తాగుబోతు కాపురం చేసిన ఇంట్లో బొటనవేళ్లకు ఎదురుదెబ్బలు తగిలేవి. ఎవరైనా గది అద్దెకు తీసుకోబోతుంటే ముందు సావున్‌ని తీసుకుపోయి ఓ గంట పడుకోబెట్టేవాళ్లు. అత్తం అరటిపళ్లు చేతిలో పెడితే చాలు, ఆవిడ ఎక్కడైనా నిద్రపోయేది. సాయంత్రం నీళ్లతో కడిగితే కాళ్లు మళ్లీ ఆవిడవి ఆవిడకు.

చెరువు గట్టున కర్రల మీద కట్టిన తమ ఇంట్లో ఆ కాళ్లకు రోజూ బురద, చేపపొలుసు. పన్నెండేళ్లుగా అదే. కొలాప్‌కు ఆ బురద చూస్తే ప్రాణం నిమ్మళించేది.

ఆ ఏడు వానాకాలం మొదట్లో చెరువు అవతలి ఒడ్డుకు లావుపాటి ఇనప గొట్టం వచ్చింది. నదిలోంచి తోడిన ఇసక నీళ్లను పగలూ రాత్రీ చెరువులోకి కక్కుతూనే ఉంది. వారం తిరక్కముందే కొలాప్ తూటికూర మళ్లలో సగం తెల్లటి మైదానమైపోయింది. కంపెనీవాళ్లు ఇంటికింత అని డబ్బిచ్చి, పితృపక్షం ముగిసేలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఆ డబ్బుకు నోంపెన్‌లో ఒక్క కొంప వస్తుంది, చిన్నది. తప్పు కొంప కొంటే మళ్లీ కొనే దారి లేదు.

కొలాప్‌కు పదకొండేళ్లప్పుడు నది ఒడ్డు పేటను తెల్లారుజామున లేపేశారు. లారీలెక్కించి, చెట్టు కూడా లేని పొలంలో దించారు. పెళ్లయిన కొత్తల్లో రైలుపట్టాల పక్కనుంచి రెండోసారి లేపేశారు. ఇది మూడోది. అర్ధరాత్రి వీధికుక్క అరిచినా ఆమె చెయ్యి తనంత తానే కూతురు చరియా జబ్బ పట్టుకునేది. ఇంకోసారి లేపితే తను లేవదు, అక్కడే పడి ఉంటుంది, వాళ్లు ఇసక పోసుకుంటే పోసుకోనీ. ఆ మాట మొగుడు సారిన్‌తో అంటే అతను నవ్వాడు, కానీ ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు.

ఇళ్ల బ్రోకరు మాలీస్ తెల్ల చేతి తొడుగులు తొడుక్కుని స్కూటరు మీద వచ్చేది. మాట తేనె, చూపు త్రాసు. మూడు ఇళ్లు చూపించింది. పెళ్లిచూపుల్లో మూడు సంబంధాలు తెచ్చిన పేరయ్య కూడా అంత కష్టపడి అబద్ధాలాడి ఉండడు.

మొదటిది బోరే. అంటే గేటూ, కాపలావాడూ, అచ్చు పోసినట్టు ఒకేలా ఉండే వరస ఇళ్లూ ఉన్న కాలనీ. ఇంటి ముందు కారు పెట్టుకునే జాగా, మీద రెండు గదులు, పైగా గట్టి పట్టా. గట్టి పట్టా అంటే సర్కారు పెద్దాఫీసు ముద్ర ఉన్నది. వార్డు ఆఫీసు ముద్రతో సరిపెట్టుకునేది మెత్త పట్టా. సారిన్‌కు గేటు చూడగానే మనసు పోయింది. పాతికేళ్లుగా ఆటో నడుపుతూ అలాంటి గేట్ల బయటే నిలబడ్డ మనిషి మరి. సావున్ చల్లటి పలకల మీద పడుకుని గంటకు లేచింది. మోకాళ్ల దాకా తడి. వేళ్ల సందుల్లో తూటికూర వేళ్లు.

"ఇది మన చెరువే," అంది సావున్, ఒక వేరు పీకి వాసన చూసి. "పైన ఇసక వేశారు గానీ కింద నీళ్లు కదల్లేదు."

పాత నీళ్ల తడి అదని మాలీస్ సర్దిచెప్పింది. పాతవో రాబోయేవో ఎవరు చెప్పొచ్చారని కొలాప్ అడిగింది. ఎగువన అన్ని చెరువులూ పూడ్చుకుంటూ వస్తే వాన ఎక్కడికి పోతుంది, మాలీస్ స్కూటరెక్కి పోతుందా? సారిన్ గేటు వైపు ఓసారి వెనక్కి చూసి, పెళ్లాం మొహం చూసి, బండి తీశాడు.

రెండోది పాతిక అంతస్తుల మేడలో పదిహేడోది. అద్దాల కిటికీ, ఎలుకబొరియంత వంటగది. అక్కడ ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టలేదు. సావున్ నిద్రలేచేసరికి కాళ్లు అప్పుడే పుట్టిన బిడ్డవిలా ఉన్నాయి. డెబ్భై రెండేళ్ల పగుళ్లు మాయం, అరికాళ్లలో ఒక్క గీత లేదు. చూశావా అక్కా, చర్మానికి కూడా మంచిదే ఈ ఇల్లు అని మాలీస్ మురిసిపోయింది. ఇంటికొచ్చాక సావున్ గట్టు మీది నుంచి తమ వాకిట్లోకి వేసిన చెక్క పలక ముందు ఆగిపోయింది. రోజూ నడిచే పలక. ఎటు పోవాలో ఆ కాళ్లకు తెలియలేదు. రెండుసార్లు కడిగినా మూడు రోజుల దాకా గోడ పట్టుకుని నడిచింది. ఆ మేడ పేరు మళ్లీ ఎత్తలేదు ఎవరూ.

మూడోది ఊరి నడిబొడ్డున, పాత మార్కెట్టు వెనక, అరవై ఏళ్ల నాటి మేడలో రెండో అంతస్తు. నల్లబడ్డ మెట్లు, గచ్చు మీద పసుపు ఎరుపు పలకలు, వీధి వైపు పెద్ద కిటికీ. మెత్త పట్టా. సావున్ లేచేసరికి అరికాళ్ల నిండా బొబ్బలు, గోళ్ల చుట్టూ మట్టి.

"తాళం వేసుకుని పోయారు," అంది ముసలావిడ. "మూడు రోజుల్లో వచ్చేద్దురు గాని అన్నారుగా, అందుకని."

ఆ మూడు రోజుల మాట ఆ ఊళ్లో యాభై దాటిన ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దాదాపు యాభై ఏళ్ల కిందట తుపాకులు పట్టుకున్న పిల్లలు వచ్చి, మూడు రోజులే అని చెప్పి ఊరు ఊరంతటినీ రోడ్ల మీదికి తోలేశారు. నాలుగేళ్ల తర్వాత మిగిలినవాళ్లు తిరిగొచ్చి, తెరిచి ఉన్న ఇంట్లో దూరారు. ఎవరి ఇల్లు ఎవరిదో అడిగే నోరు లేదు. అలా దూరినవాళ్లు మరొకరికి, వాళ్లు ఇంకొకరికి అమ్ముకుంటూ వచ్చిన ఇల్లది.

మాలీస్ తొడుగులు విప్పి, మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడింది. "అక్కా, ఈ వీధిలో ఏ మేడలో పడుకోబెట్టినా పెద్దమ్మ కాళ్లు బొబ్బలెక్కుతాయి. మా ఇంట్లోనూ అంతే. పోయినవాళ్లు పోయారు. మనమెక్కడో ఉండాలిగా."

ఆ మాట నిజమే అనిపించింది కొలాప్‌కు. కింద నీళ్లు లేవు, కాళ్లు దారి మరచిపోలేదు. బొబ్బలు ఎప్పటివో. కొనేశారు.

కొలాప్ తప్పు చేసింది అక్కడే. బొబ్బలు చూసింది గానీ మట్టి చూడలేదు. అన్నేళ్లు ఆ కాళ్లు చూసిన మనిషి, గోళ్ల చుట్టూ ఉన్నది ఎర్రమట్టని, నోంపెన్‌లో పలుగు వేసి తవ్వినా ఎర్రమట్టి దొరకదని గమనించలేదు. ఇల్లు వదిలి పోయే కాళ్లకు ఊరి తారు అంటుకోవాలి.

సామాను చేర్చిన వారానికి గాని అది ఆమెకు తట్టలేదు. రోజూ గచ్చు మీద పడుకుని లేస్తోంది సావున్. మొదటి నాలుగు రోజులు ఎర్రమట్టి, కంపోంగ్‌చాం అవతల రబ్బరు తోటల్లో ఉండేది. ఐదో రోజు ఎరుపు తగ్గి వరిపొలాల నల్లబురద. తర్వాత రెండు రోజులు తెల్లటి రోడ్డు దుమ్ము. కొలాప్ చెంబుతో కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. పోయే కాళ్లు కావవి. వస్తున్న కాళ్లు.

"ఎంతమంది అత్తా?" అంది.

"నడిచేది ముగ్గురు," అంది సావున్, ఎడమ తుంటి నొక్కుకుంటూ. "నాలుగోది చంకలో ఉంది. దింపలేదు ఎక్కడా."

కొలాప్ చెంబు అక్కడే వదిలేసి వార్డు ఆఫీసుకు పరిగెత్తింది. గుమస్తా విసుక్కోకుండా విన్నాడు. వాళ్లొస్తే కాగితాలు పట్టుకు రమ్మను, విచారిస్తాం అన్నాడు. సారిన్ తలుపుకు కొత్త తాళం బిగించాడు. అది చాలదని పైన గడియ, కింద గడియ. మాలీస్ ఫోన్లో, ఇంకా గృహప్రవేశం చెయ్యలేదా, ఏం మనుషులక్కా మీరు, అని తిట్టింది.

గృహప్రవేశం అక్కడ ఇలా జరుగుతుంది. శుభకార్యాలు చేయించే ఆచారి లోపల నిలబడి తలుపు వేసుకుంటాడు. ఇంట్లో చేరబోయేవాళ్లు కుండ, చాప, దీపం, పిల్లి పట్టుకుని ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చి గడప ముందు నిలబడాలి. ఎవరు మీరు, ఎక్కడినుంచి వచ్చారు అని ఆచారి లోపల్నుంచి అడుగుతాడు. పడవ మునిగిపోయింది, నిలవనీడ వెతుక్కుంటూ వచ్చాం అని బయటివాళ్లు చెప్పాలి. తలుపు తీస్తాడు. ఆ జవాబు చెప్పినవాళ్లదే ఆ ఇల్లు. ఆపైన బతికున్నవాళ్లు గాని చచ్చినవాళ్లు గాని ఇంకెవరూ ఆ గడప దాటలేరు.

ఆచారిని అడిగితే, పితృపక్షం పదిహేను రోజులూ కుదరదు పొమ్మన్నాడు. చచ్చిపోయినవాళ్లంతా రోడ్ల మీద ఉండే రోజుల్లో తలుపులు బిడాయించుకునే పనేమిటమ్మా అన్నాడు. పక్షం దాటిన మర్నాడే, పొద్దున ఏడింటికి ముహూర్తం పెట్టాడు. ఇంకా తొమ్మిది రోజులుంది. మట్టికి, ముహూర్తానికి పందెం పడింది.

అదే అంతస్తులో ఎదురింట్లో వన్నీ అని అరవై ఏళ్లావిడ ఉండేది. ఓ మధ్యాహ్నం వరండాలో కొలాప్ ఆమెను పట్టుకుంది. వీధిలో అందరిళ్లకూ వస్తారా ఇలా, అని అడిగింది. వన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ చెప్పింది. తమ ఇంటి అసలువాళ్లు ఇరవై రెండేళ్ల కిందట వచ్చారు. అప్పటికి గృహప్రవేశం చేసేసుకున్నారు, జవాబు చెప్పేశారు. వచ్చినవాళ్లు పదహారు రోజులు తలుపవతల నిలబడ్డారు. గడప కింది సందులోంచి కాళ్ల నీడలు కనబడేవి.

"మరి మీరేం చేశారు పిన్నీ?"

"తలుపు తీస్తే ఇల్లు పోతుందని మా ఆయన తీయనివ్వలేదు. పదిహేడో రోజు నీడలు లేవు. వాళ్ల నడక మాత్రం మాకొదిలి పోయారు." వన్నీ కొస దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మా ఆయన అలా నడుస్తూనే పోయాడు, మూడో ఏట."

అప్పుడు తట్టింది కొలాప్‌కు, వచ్చిన దగ్గర్నుంచి వన్నీ కూర్చోగా తను చూడలేదు. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని నడుస్తూ తింటుంది. అర్ధరాత్రి ఎదురింట్లోంచి వచ్చే చప్పుడు ఎలుకలదనుకుంది ఇన్నాళ్లూ.

ఆ తొమ్మిది రోజులు కొలాప్ ఎలా గడిపిందో ఆమెకే తెలియదు. పులిసిన చేపల ప్రహోక్ నూరుతూ రోలు మీద చెయ్యి ఆపేసి మెట్ల వైపు చెవి పెట్టేది. చరియాను బడికి పంపి, వీధి మలుపు దాకా వెనకే పోయి, ఎటు నుంచి వస్తారోనని నాలుగు వైపులా చూసేది. తలుపు తీస్తే ఇల్లు పోతుంది. తీయకపోతే కూతురు జీవితమంతా నడుస్తూ బతుకుతుంది. ముందే జవాబు చెప్పేస్తే గొడవ లేదంటాడు సారిన్. వన్నీ వాళ్లు చెప్పలేదూ? ఏ ఇల్లు కొంటే ఎవరూ లేపరని ఊరంతా తిరిగి ఎంచిందో, ఆ ఇంట్లో తనే ఒకళ్లను గడపలో నిలబెట్టి పొమ్మనాలి. లారీ ఎక్కించినవాడి మొహం ఇప్పటికీ గుర్తు ఆమెకు. చెడ్డ మొహమేం కాదు. పొద్దున్నే లేచి రావలసి వచ్చిందని చిరాకు పడుతున్న మొహం. అలాంటి మొహమే తనకూ వచ్చేసిందేమోనని అద్దం ముందు నిలబడి చూసుకుంది ఒకరోజు.

సావున్ కాళ్లకు మెకాంగ్ ఒండ్రు అంటుకుంది. రెండు రోజులు అదే; రేవు దగ్గర ఆగినట్టున్నారు. తర్వాత తారు. పితృపక్షం ఆఖరి రోజు తెల్లారుజామున గుడికి పోయి అందరితో పాటు అన్నం ముద్దలు విసిరి వచ్చారు. ఏ పేరు మీద విసరాలో తెలియక కొలాప్ నాలుగు ముద్దలు పేరు లేకుండా విసిరింది. మర్నాడు పొద్దున లేచి చూసేసరికి అత్తగారి మడమలకు నల్లటి సిమెంటు గీరుడు ఉంది. తమ మెట్లదే ఆ సిమెంటు.

ఆరున్నరకు ఆచారి తాత వచ్చాడు. అరవై మెట్లెక్కినట్టు ఆయాసపడి, ఓ గ్లాసు టీ తాగి, లోపల నిలబడి తలుపు వేసుకున్నాడు. మేడ చుట్టూ తిరగడానికి దారి లేదు, వెనక అంతా హోటలు వంటిల్లు. అందుకని వీధి చుట్టూ మూడుసార్లు తిరిగారు, కొలాప్ నెత్తిన చాప, చేతిలో కుండ, సారిన్ దీపం ఆరకుండా చెయ్యి అడ్డుపెట్టి, చరియా పిల్లిని మెడ పట్టుకుని, వెనక సావున్. కాఫీ దుకాణంలో జనం దారి ఇచ్చి మళ్లీ పేపర్లలో తల పెట్టారు.

మూడో చుట్టు ముగించి మెట్ల దగ్గరికొచ్చేసరికి, మొదటి మెట్టు మీద పాదం గుర్తుంది.

తడి పాదం కాదు. దుమ్ము పాదం, పెద్దది, మగవాడిది. పక్కనే ఇంకోటి, కాస్త చిన్నది, ఎడమ పక్కకు ఒరిగింది. దాని వెనక ముసలి పాదం, వేళ్లు వంకర్లు. వాళ్లు చూస్తుండగానే రెండో మెట్టు మీద పడ్డాయి. మూడో మెట్టు. మెల్లగా, మెట్టు మెట్టుకూ ఆగుతూ.

"దాటిపోవే," అన్నాడు సారిన్. "పక్కనుంచి పోయి ముందు జవాబు చెప్పెయ్. పోవే."

మెట్లు వెడల్పే. నాలుగంగల్లో దాటొచ్చు. కొలాప్ కాలు ఎత్తింది కూడా. అప్పుడు పైన ఎదురింటి వరండాలో వన్నీ నడక వినబడింది, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. కొలాప్ కాలు దించేసింది. ఆ పాదాలు ఎంత నెమ్మదిగా ఎక్కితే అంత నెమ్మదిగా వాటి వెనకే ఎక్కింది. కుండలో బియ్యం గలగలమంటుంటే గుండెకానించి పట్టుకుంది.

గడప ముందు మూడు జతల పాదాలు నిలబడ్డాయి. వాటి వెనక వీళ్లు నలుగురూ, పిల్లీ.

"ఎవరు మీరు?" లోపల్నుంచి ఆచారి అడిగాడు. "ఎక్కడినుంచి వచ్చారు?"

ముందున్నవాళ్లకు నోరు లేదు. నోరున్నది కొలాప్‌కే. పడవ మునిగిపోయింది అన్న రెండు ముక్కలు నాలుక చివర ఉన్నాయి. అవి అనేస్తే ఇల్లు తనది. నెత్తి మీద చాప బరువెక్కింది. పదకొండేళ్లప్పుడు లారీలో ఇలాగే చాప నెత్తిన పెట్టుకుని కూర్చుంది.

ఆచారి రెండోసారి అడిగాడు.

"ఇంటివాళ్లు తాతా," అంది కొలాప్. "తాళం వేసుకుని పోయినవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక మేమున్నాం. మా చెరువు పూడ్చేశారు."

సారిన్ కళ్లు మూసుకున్నాడు. ఆచారి ఏమాత్రం తడుముకోకుండా, వరస తప్పితే సరిచేసే పంతులు గొంతుతో చెప్పాడు: అయితే ఇంటివాళ్లను ముందు రానివ్వండి. తర్వాత మీరు అడగవలసింది నన్ను కాదు, వాళ్లను.

గడియలు ఒక్కొక్కటే తీశాడు, పైనది, కిందది, కొత్త తాళం. తలుపు తెరుచుకుంది. మూడు జతల పాదాలు గడప దాటి పసుపు ఎరుపు పలకల మీదుగా కిటికీ దాకా వెళ్లాయి. అక్కడ నిలబడ్డాయి, వీధి వైపు తిరిగి. చాలాసేపు. అవి లోపలికి పోయిన కొద్దీ దుమ్ము పల్చబడి, కిటికీ దగ్గరికి చేరేసరికి శుభ్రమైన అరికాళ్ల చెమ్మ మాత్రం మిగిలింది. ఎదురింటి వరండాలో నడక ఆగింది. కొలాప్ తిరిగి చూడలేదు గానీ, కుర్చీ కిర్రుమనడం విన్నది.

ఇక అడగాలి. అడిగితే కాదనొచ్చు. కాదంటే చాపా కుండా పట్టుకుని, కూతురిని పట్టుకుని, మెట్లన్నీ దిగాలి, ఈసారి ఎవరూ లేపకుండా తనంత తానే.

"పడవ మునిగిపోయింది," అంది కొలాప్, కిటికీ వైపు చూస్తూ. "నలుగురం. ఓ పక్కన ఉంటాం."

కిటికీ దగ్గర పాదాలు కదల్లేదు. మగవాడివి కదల్లేదు, ముసలివీ కదల్లేదు. ఎడమకు ఒరిగిన పాదాలు మాత్రం నిటారుగా అయ్యాయి, చంకలో బరువు దింపుకున్నట్టు. వాటి ముందు, గది నడిమధ్య, పలక మీద బొటనవేలంత పాదం ఒకటి పడింది. ఏ రోడ్డూ తొక్కని పాదం. పక్కన ఇంకోటి. అవి తప్పటడుగులు వేసుకుంటూ, పలక పలకకూ ఆగుతూ, ఒకచోట రెండు చేతులూ కూడా ఆనించి మళ్లీ లేచి, గడప దాకా వచ్చాయి. కొలాప్ ముందు నిలబడ్డాయి. పిల్లి ముక్కు చాచి వాసన చూసింది.

తర్వాత ఆ చిన్న పాదాలు రెండూ గడప మధ్య నుంచి పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, దారి ఇచ్చాయి.

కొలాప్ చెప్పులు విడిచింది. వచ్చినవాళ్లు చెప్పుల్లేకుండా వచ్చారని తెలుసు. అయినా గోడ వారగా నాలుగు జతలకు చోటు వదిలి, తనవి ఇవతల పెట్టి, లోపలికి అడుగు వేసింది.